ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ మేస్త్రీ గారికి నా 1966 ఎంజీబీ ఇచ్చా, ఏడాది దాటాక రివ్యూ

ఇంట్లో పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు పెట్టుకుని, బెజవాడ గుంటూరు ఏరియాలో దీన్ని ఎవరు చూస్తారు, ఎవరికివ్వాలి అని నాలాగా రెండు మూడేళ్ళు తిరిగినవాళ్ళు ఇంకా ఉండే ఉంటారు, వాళ్ళకోసమే ఇది రాస్తున్నా. ముందే చెప్పేస్తా, మీది ఎంజీ అయితే, అందులోనూ ఎంజీఏ గానీ ఎంజీబీ గానీ అయితే, పెద్ద ఊళ్ళకి ట్రక్కు ఎక్కించి పంపక్కర్లేదు. మన ఆటోనగర్‌లో అంబాసిడర్లు చేసిన పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్ళ చేతుల్లో ఈ ఇంజన్ ఉంది. నేను ఇచ్చిన షెడ్డు పేరు రాయట్లేదు, మేస్త్రీ గారే వద్దన్నారు, ఉన్న పనే తెమలట్లేదు బాబూ ఇంకా జనాన్ని పంపొద్దు అన్నారు. కానీ ఆటోనగర్‌లో ఏ పాత లేత్ షాపుకెళ్ళి అంబాసిడర్ ఇంజన్లు ఎవరు చేస్తారండీ అని అడిగినా ఇద్దరు ముగ్గుర్ని చూపిస్తారు, వాళ్ళలో ఒకరు ఈయన.

బండి సంగతి చెప్తా. 1966 ఎంజీబీ, రెండు సీట్లది, పైన టాపు మడిచేసేది, స్టీరింగ్ కుడి పక్కే. గుంటూరు డాక్టరు గారొకాయన ఇంగ్లండ్‌లో కొన్నేళ్ళు పనిచేసి డెబ్భైల మొదట్లో తిరిగొచ్చేప్పుడు ఓడ మీద మద్రాసుకి తెచ్చుకున్నారు. మా పెదనాన్నకి బాగా స్నేహితుడు. బ్రాడీపేటలో వాళ్ళింటి ముందు ఆ బండి ఆగి ఉంటే మేం స్కూలు నుంచి వస్తా వస్తా ఆగి చక్రానికి ఎన్ని స్పోకులున్నాయో లెక్కపెట్టేవాళ్ళం, ఒక్కోసారి 58 వచ్చేది ఒక్కోసారి 61 వచ్చేది, అసలు లెక్క 60 అని నాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది. 1998లో ఆయనకి చూపు తగ్గాక షెడ్డులో పెట్టేశారు, ఇహ బయటికి తీయలేదు. ఆయన పోయాక 2021లో వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, తమ్ముడూ పాత సామాన్ల వాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు, వాళ్ళకివ్వటం నాకిష్టం లేదు, నువ్వు తీసుకుంటావా అంది. ఆ మాటకి నేను ధర కూడా బేరం ఆడలేదు.

ఎంజీ అంటే ఇవ్వాళ షోరూముల్లో ఉండే పెద్ద బళ్ళే అనుకునేవాళ్ళకి కొంచెం చెప్పాలి. ఇది మోరిస్ గ్యారేజెస్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళది, ఫ్యాక్టరీ ఆ పక్కనే అబింగ్డన్ అనే ఊళ్ళో ఉండేది. ఎంజీబీ 1962లో వచ్చింది, 1980లో ఫ్యాక్టరీ మూసేదాకా చేశారు, మొత్తం 5 లక్షలకి పైనే చేశారు. అదే ఫెరారీ 250 జీటీఓ చూడండి, చేసినవే 36, అందుకే దాని ధర మామూలు మనుషుల లెక్కకి అందదు. 2022లో మెర్సిడెస్ వాళ్ళ 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హాట్ కూపే 13.5 కోట్ల యూరోలకి అమ్ముడుపోయింది, రూపాయలు కాదు, యూరోలు. ఎంజీబీ ఎక్కువ చేశారు కాబట్టి కలెక్టర్లలో కొంతమంది దీన్ని చిన్నచూపు చూస్తారు, నాకది నచ్చదు. ఎక్కువ చేశారు కాబట్టే ఇవ్వాళ్టికీ దీనికి బోల్టు దగ్గర్నుంచి బాడీ దాకా కొత్తవి దొరుకుతాయి, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు 1988 నుంచి పాత అచ్చుల మీదే ఎంజీబీ బాడీ షెల్లు కొత్తగా చేసి అమ్ముతున్నారు. మిగతా యూరప్ పాత స్పోర్ట్స్ కార్లలో ఇంత సౌకర్యం ఉన్నవి తక్కువ, మన ఊళ్ళో ఉండి నడపాలనుకునేవాడికి ముందు చూడాల్సింది అదే.

ఇంక అసలు విషయం. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బీ-సిరీస్ ఇంజన్, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఆ బీ-సిరీసే. రెండిటికీ స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం, 88.9 మిల్లీమీటర్లే, ఒక్క పాయింటు తేడా లేదు. బోరు, అంటే సిలిండరు వెడల్పు, మాత్రం పెంచారు, అంబాసిడర్‌ది 73 మిల్లీమీటర్లు, ఎంజీబీది 80.26. దీనికంటే ముందొచ్చిన ఎంజీఏ అయితే 1955లో మొదలైనప్పుడు దాని ఇంజన్ కూడా సరిగ్గా 1489 సీసీనే. అంటే కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారై మన స్టాండుల్లో టాక్సీగా తిరిగిన బండీ, ఇంగ్లండ్‌లో కుర్రాళ్ళు సరదాకి కొనుక్కున్న స్పోర్ట్స్ కారూ ఒకే ఇంట్లో పిల్లలు. ఈ ముక్క నాకు 2021లో ఎవరైనా చెప్పుంటే నా డబ్బూ మూడేళ్ళూ మిగిలేవి.

నేనేం చేశానంటే, ఒక పెద్ద సిటీలో క్లాసిక్ కార్ల రిస్టోరేషన్ అని బోర్డు పెట్టుకున్న షాపుకి పంపా. పేరు వద్దులెండి. ఏసీ రిసెప్షన్, గోడ మీద పెద్ద పెద్ద ఫోటోలు, కాఫీ కూడా ఇచ్చారు, నాకు బాగా నమ్మకం కుదిరింది. 14 నెలలు ఉంచుకున్నారు, 9 లక్షలు తీసుకున్నారు. బండి తిరిగొచ్చినప్పుడు దూరం నుంచి చూస్తే తళతళ మెరిసిపోతోంది, మా ఆవిడ హారతి పళ్ళెం కూడా తెచ్చింది. దగ్గరికెళ్ళి చూశాక గుండె జారిపోయింది. రంగు మార్చేశారు. ఈ బండి పుట్టుకతో ఓల్డ్ ఇంగ్లీష్ వైట్, అది తెల్లటి తెలుపు కాదండి, పాల మీద మీగడ కట్టినప్పుడు ఉంటదే ఆ రంగు, చాలా కొద్దిగా పసుపు తిరిగినట్టు ఉంటది. వాళ్ళు ఇప్పటి బళ్ళకి కొట్టే సున్నం తెలుపు కొట్టేశారు. అడిగితే ఇదే లేటెస్ట్ సార్ అన్నారు. యాభై అయిదేళ్ళ బండికి లేటెస్ట్ ఎందుకు?

రంగు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాణ్ణి. కరెంటు పని ఇంకా ఘోరం. 1967 చివర్లో మార్క్ 2, అంటే రెండో రకం మోడల్, వచ్చేదాకా ఎంజీబీలకి పాజిటివ్ ఎర్త్ ఉంటది, అంటే బ్యాటరీ ప్లస్సు వైరు బాడీకి కలుస్తది, మైనస్సు కాదు. పైగా ఒక 12 వోల్టుల బ్యాటరీ కాదు, సీట్ల వెనకాల పలక కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరసలో ఉంటాయి. ఆ షాపు కుర్రాడు అవి తీసేసి ఒక కొత్త 12 వోల్టులది పెట్టి అన్ని కార్లకీ ఇచ్చినట్టే మైనస్సు బాడీకి ఇచ్చాడు. ఆర్‌పీఎం మీటరులో ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఉంటది, అది అక్కడికక్కడే కాలిపోయింది. డైనమో ఛార్జింగ్ ఇవ్వట్లేదు. వాళ్ళు చెప్పిందేంటంటే పాత బండి కదా సార్ ఇలాగే ఉంటది అని. గన్నవరం దాటకముందే రెండు సార్లు ఆగిపోయింది, ఇంటికి తాడు కట్టి లాక్కొచ్చాం. ఆ తర్వాత ఏడాదిన్నర పైన కవరు కప్పేసి దాని వైపు చూడలేదు నేను.

ఆటోనగర్ మాట చెప్పింది మా వీధి చివర టైలర్ గారు, ఆయన తమ్ముడు ఒకప్పుడు టాక్సీ తోలేవాడు. 2024 ఆగస్టులో ఒక శనివారం మేస్త్రీ గారిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చా. మనిషికి డెబ్భై దగ్గరుంటాయి, సన్నగా ఉంటారు, చొక్కా జేబులో సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవరు, ఒక మూరెడు రబ్బరు గొట్టం. బానెట్ ఎత్తగానే ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్లాకు మీద చెయ్యి వేసి, ఇది మన అంబాసిడరే కదా బాబూ, కాకపోతే కార్బొరేటర్లు రెండు పెట్టుకుంది అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, నిజంగా.

ఆ రోజే బ్యాటరీ తీగలు చూసి, ఎవడు తిప్పాడు బాబూ ఇది, పాత ఇంగ్లీషు బళ్ళకి బాడీ ప్లస్సే కదా ఉండేది అన్నారు. తీగలు మార్చారు, కాయిల్ వైర్లు అటుదిటు చేశారు, బ్యాటరీ నుంచి ఒక చిన్న తీగ తెచ్చి డైనమో ఫీల్డ్ టెర్మినల్‌కి టిక్కుమని రెండుసార్లు తగిలించారు, ఇప్పుడు దీనికి దాని దిక్కు గుర్తొస్తది అన్నారు. తర్వాత నేను మాన్యువల్లో చదివితే సరిగ్గా అదే పద్ధతి రాసుంది, ఆయన మాన్యువల్ ఎప్పుడూ చూడలేదు. కాలిపోయిన మీటరు మాత్రం ఇక్కడ ఎవరి వల్లా కాలేదు, ఇంగ్లండ్ పంపించి బాగుచేయించా, దానికి మూడు నెలలు పట్టింది.

కార్బొరేటర్ల పని ఒక్కటి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సర్వీసుకి నేను మార్కులు వేసేది దాని మీదే. ఎంజీబీకి ఎస్‌యూ కంపెనీవి హెచ్ఎస్4 కార్బొరేటర్లు, అంటే గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేవి, రెండు ఉంటాయి. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఇంజన్ వణుకుద్ది, రెండు సిలిండర్లు పనిచేస్తా ఉంటే రెండు సిలిండర్లు మోయించుకుంటా ఉంటాయి. మేస్త్రీ గారు ఎయిర్ క్లీనర్లు రెండూ ఊడదీశారు, జేబులో రబ్బరు గొట్టం తీసి ఒక కొస చెవికి పెట్టుకున్నారు, రెండో కొస ముందు కార్బొరేటరు నోటి దగ్గర పెట్టి కళ్ళు మూసుకున్నారు. తర్వాత వెనక దాని దగ్గర పెట్టారు. మళ్ళీ ముందుది. స్క్రూ పావు వంతు తిప్పటం, వినటం, ఇంకొంచెం తిప్పటం, వినటం, ఇలా ఇరవై నిమిషాలు. ఒక దశలో గొట్టం నా చెవికి ఇచ్చి విను బాబూ అన్నారు. ముందుది గట్టిగా బుస కొడుతోంది, వెనకది ముక్కు పట్టేసిన మనిషి ఊపిరి లాగా ఉంది. ఆయన ఇంకో రెండు సార్లు తిప్పాక మళ్ళీ విన్నా, రెండూ ఒకటే బుస. ఆ తర్వాత ఒక్కో కార్బొరేటరు కింద ఉండే చిన్న పిన్ను వేలితో పైకి నెట్టి చూస్తారు, ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, ఆగిపోబోతే తక్కువ పోతున్నట్టు, కాస్త పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిపోయినట్టు. ఏ మిషనూ లేదు. బానెట్ అంచు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూపించారు, నీళ్ళ మీద సన్నటి వలయాలే తప్ప ఒలకలేదు.

ఇంకోటి, పెద్ద షాపు నుంచి వచ్చినప్పట్నుంచీ యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరయ్యేది. ఎస్‌యూ కార్బొరేటరు పైన మూత తిప్పితే లోపల చిన్న డ్యాంపర్ ఉంటది, దాంట్లో 20 నంబరు ఆయిలు కొంచెం ఉండాలి, అదే కార్బొరేటరు లోపల ఉండే పిస్టన్‌ని ఒక్కసారిగా ఎగరకుండా ఆపేది. రెండూ ఎండిపోయి ఉన్నాయి. 9 లక్షలు తీసుకున్నవాళ్ళు రెండు చెంచాల ఆయిలు పోయలేదు.

తర్వాత బండి షెడ్డుకి తీసుకెళ్ళి హెడ్ దించారు. ఈ బళ్ళన్నీ సీసం కలిసిన పెట్రోలు రోజుల్లో చేసినవి, ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లకి, అంటే వాల్వు మూసుకుని ఆనే చోటికి, మెత్త లాగా పనిచేసేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోలు అమ్మటం ఆపేశారు, డాక్టరు గారు బండి పెట్టేసింది 1998లో, అంటే ఈ ఇంజన్ సీసం లేని పెట్రోలు మీద ఎప్పుడూ సరిగ్గా నడవలేదు. అలాగే నడిపితే మెల్లగా సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోద్ది. లేత్ వాళ్ళ దగ్గర గట్టి సీట్లు వేయించారు, పక్కన కూర్చుని చూశా, చాలా శ్రద్ధగా చేశారు. ట్యాపెట్ల సందు 15 థౌకి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేనుకి పెట్టారు. బోరు మాత్రం ముట్టుకోలేదు, బాగుంది బాబూ దీన్ని గెలకొద్దు, ఒరిజినల్ బోరు ఉన్నన్నాళ్ళు ఉంచుకో అన్నారు. డబ్బు కోసం చేసేవాడైతే ఆ మాట అనడు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు, మెత్తబడి లోపల రేకులు లేస్తాయి, అవి వెళ్ళి కార్బొరేటరుకి పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్లో సూది దగ్గర అడ్డుపడతాయి, పైగా ఇథనాల్ తేమ లాగుద్ది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో ఉంచితే తుప్పు. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకం తెప్పించి మార్పించా. మీ బండి ఏదైనా సరే, ఫియట్ అయినా ట్రయంఫ్ అయినా, ఈ పని వాయిదా వేయొద్దు. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుద్దో చెప్పక్కర్లేదు.

వేడి అంటే గుర్తొచ్చింది, బెజవాడ మే నెల. ఇంగ్లండ్ చలికి చేసిన బండి మన 44, 45 డిగ్రీల్లో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే దాని బాధ దానిదే. మేస్త్రీ గారు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టటానికి ఒప్పుకోలేదు, ముందు ఉన్నది సరిగ్గా పనిచేయించుకుందాం అన్నారు. రేడియేటర్ విప్పి కొత్త కోర్ వేయించారు, బ్లాకు లోపల ఇరవై ఏళ్ళ పైబడి పేరుకున్న ఎర్ర బురద రెండు రోజులు పైపు పెట్టి కడిగారు, బకెట్లో దిగిన మడ్డి చూస్తే చెరువు మట్టి లాగా ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం పూట ట్రాఫిక్‌లో ముల్లు కొంచెం ఎక్కుద్ది గానీ ఎర్రగీత దగ్గరికి పోలేదు. అయినా మే నెలలో పగలు తీయను నేను, ఎందుకు దాన్ని హింస పెట్టటం.

వైరు చక్రాల గురించి ఒక హెచ్చరిక. ఈ చక్రాలకి నాలుగు బోల్టులుండవు, మధ్యలో ఒకటే పెద్ద నట్టు, సుత్తితో కొట్టి బిగించాలి, ఎడమ పక్క చక్రాలకి ఒక మర, కుడి పక్క వాటికి దానికి ఎదురు మర. తెలియనివాడు తప్పు దిక్కుకి కొట్టి మరలు పాడుచేస్తాడు. పంక్చర్ షాపులో ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. మేస్త్రీ గారు కూడా మొదట కాస్త తడబడ్డారు, అంబాసిడర్‌కి ఇవి ఉండవుగా, నట్టు మీద రాసున్న బాణం గుర్తు చూపించాక సరే అన్నారు. చక్రం లోపల పళ్ళకి గ్రీజు పెట్టకపోతే అరిగిపోయి బ్రేకు వేసినప్పుడు టక్కుమని శబ్దమొస్తది, అది వినపడితే వెంటనే చూపించుకోండి.

ఈ సర్వీసులో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. టైము. ఎల్లుండి ఇచ్చేస్తా బాబూ అంటే అది పదిహేను రోజులు. నేను ఆగస్టులో ఇచ్చా, సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద వచ్చింది, మునిగిన ఆటోలూ కార్లూ అన్నీ ఆటోనగర్‌కే వచ్చిపడ్డాయి, నా బండి రెండు నెలలు పక్కన కూర్చుంది. ఆటో వాళ్ళకి రోజు గడవాలి బాబూ, నీది ఆగినా నీకు అన్నం ఆగదు అన్నారు. అందులో ఆయన చేసింది ముమ్మాటికీ కరెక్టే, నేను ఒక్క మాట అనలేదు. కానీ పట్టా సరిగ్గా కప్పలేదు, వాన నీళ్ళు కారు లోపలికి దిగి కార్పెట్ కుళ్ళిపోయింది. షెడ్డులో కుర్రాళ్ళు స్పానర్లు తెచ్చి ఫెండర్ మీద పెడతారు, ఎడమ పక్క రెండు గీతలు పడ్డాయి. మీరే పాత దుప్పట్లు రెండు తీసుకెళ్ళి కప్పండి. బిల్లు అంటూ ఉండదు, లెక్క నోటి మీద చెప్తారు, తేడా ఏమీ రాలేదు గానీ, కలెక్టర్లకి పని చేయించిన కాగితం చాలా అవసరం, తర్వాత అమ్మేప్పుడైనా విలువ కట్టించేప్పుడైనా అదే అడుగుతారు. నేను ఒక నోట్‌బుక్ పెట్టి తారీకు, పని, వేసిన పార్టు రాసి ఆయన చేత సంతకం పెట్టించుకునేవాణ్ణి, పాత పార్టులన్నీ కూడా సంచిలో తెచ్చి దాచా. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత ఆయనే గుర్తుచేసి పెట్టేవారు.

టింకరింగ్, పెయింటింగ్ మాత్రం ఇక్కడ చేయించొద్దు. లారీ బాడీలకి ఆటోనగర్‌ని మించింది లేదు, కానీ ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద డబ్బా లాగా ఉండే భాగం తుప్పు పడితే పైన రేకు కొట్టి పుట్టీ పెడితే సరిపోదు, లోపల పొరలతో సహా మార్చాలి, లేకపోతే బండి మధ్యలో వంగి తలుపులు పడవు. నా అదృష్టం, బ్రాడీపేట షెడ్డు పొడిగా ఉంది, అక్కడ తుప్పు లేదు. ఆ సున్నం తెలుపు ఇంకా అలాగే ఉంది, దానికి వేరే మనిషిని వెతుకుతున్నా.

ఇంకో విషయం చూసి ఈయన మీద నాకు గౌరవం పెరిగింది. నేను షెడ్డులో ఉండగానే హైదరాబాదు నుంచి ఒకాయన 280 ఎస్ఎల్ బెంజ్ తెచ్చారు, పైన టాపు పగోడా లాగా లోపలికి వంగి ఉంటదే అది, అరవైల నాటిది, ఎంత అందమైన బండో. దానికి కార్బొరేటరు ఉండదు, బాష్ వాళ్ళ మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉంటది. మేస్త్రీ గారు బానెట్ ఎత్తి చూసి, దించి, ఈ పంపు నాకు తెలీదండి, చేస్తానని ఒప్పుకుంటే పాడుచేస్తా, తెలిసినవాళ్ళకి చూపించండి అని చెప్పి పంపేశారు. టీ ఇప్పించి మరీ పంపారు. కాబట్టి పోర్షే, బెంజ్, ఆల్ఫా లాంటివి ఉన్నవాళ్ళు ఈ రివ్యూ చదివి ఆయన దగ్గరికి పరిగెత్తొద్దు. జాగ్వార్ ఈ-టైప్‌కి మూడు ఎస్‌యూలు ఉంటాయి కాబట్టి ట్యూనింగ్ వరకు అడగొచ్చేమో, వెనక బ్రేకులు మాత్రం చక్రాల దగ్గర కాకుండా మధ్యలో ఉండే గేర్ల డబ్బా, డిఫరెన్షియల్ పక్కనే లోపలికి ఉంటాయి, ఆ పనికి ఇంకొకరిని చూసుకోవాలి.

కాగితాల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2021లో కేంద్రం పెట్టిన రూలు ప్రకారం 50 ఏళ్ళు దాటి, మార్పులు చేయకుండా ఉన్న బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000, పదేళ్ళు ఉంటది, తర్వాత రెన్యువల్‌కి 5,000, నంబరు ప్లేటులో వీఏ అని వస్తది. కాకపోతే రోజూ తిరగటానికి కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు, ఇలాంటి వాటికే. ఇంజన్, ఛాసిస్, బాడీ మార్చి ఉంటే కష్టం. అందుకే చెప్పేది, కొనేముందు ఛాసిస్ ప్లేటు చూడండి, మార్క్ 1 రోడ్‌స్టర్, అంటే నా బండిలా టాపు మడిచే మొదటి రకం అయితే జీహెచ్ఎన్3 అని మొదలవ్వాలి, నా ఏడాది ఇంజన్ నంబరు 18జీబీ అని ఉండాలి. బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఎంజీ ఫ్యాక్టరీ రికార్డులున్నాయి, డబ్బు కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు, బండి ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజన్ నంబరు అన్నీ ఉంటాయి. నా ఓల్డ్ ఇంగ్లీష్ వైట్ సంగతి అందులోనే రాసుంది, ఇంజన్ నంబరు కూడా సరిపోయింది.

2025 ఫిబ్రవరిలో బండి చేతికిచ్చారు. కొండ మీద అమ్మవారి పేరు చెప్పి నిమ్మకాయలు తొక్కించి, ఆ వారంలోనే తెల్లారుజామున 4:30కి సూర్యలంక బయల్దేరా. వారధి దాటాక టాపు మడిచేశా. మంగళగిరి కొండ ఇంకా చీకట్లోనే ఉంది, కాజ టోల్ గేటు కుర్రాడు బూత్‌లోంచి సగం బయటికొచ్చి చూశాడు. ఈ బండికి 95 హార్స్ పవరే, ఇప్పటి లెక్కలో ఏమీ కాదు, కానీ బరువు 920 కిలోలే, కూర్చునేది నేలకి జానెడు ఎత్తులో, 80 మీద పోతున్నా 120 లాగా ఉంటది. ఫస్ట్ గేరుకి సింక్రోమెష్, అంటే బండి కదులుతుండగా గేరు మెత్తగా పడే ఏర్పాటు లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి, పాత అంబాసిడర్ తోలినవాళ్ళకి ఇది కొత్త కాదు. స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్, రోడ్డు మీద గులకరాయి కూడా చేతికి తెలుస్తది. పొన్నూరు దాటాక రెండు పక్కలా పొలాలు, మంచు, సైలెన్సర్ శబ్దం, ఇహ చెప్పలేను. కింద గ్యాప్ అయిదంగుళాలే కాబట్టి ఊళ్ళల్లో స్పీడు బ్రేకర్లు మూలగా ఎక్కించాల్సొచ్చింది, బాపట్ల దగ్గర ఒకసారి సైలెన్సర్ గీరుకుంది. పోనూ రానూ ఎక్కడా ఆగలేదు, ఒక్క చుక్క ఆయిలు కూడా తాగలేదు.

వచ్చేప్పుడు గుంటూరులో ఆగి బ్రాడీపేట వెళ్ళా. ఎంజీబీకి పెట్రోలు పంపు వెనక బ్యాటరీల దగ్గర ఉంటది, కరెంటుతో పనిచేసేది, కీ తిప్పగానే టిక్ టిక్ టిక్ టిక్ అని కొట్టుకుని కార్బొరేటర్లు నిండగానే ఆగిపోద్ది. డాక్టరు గారమ్మాయి, అదే అక్కని, ఎక్కించుకుని కీ తిప్పా. స్టార్ట్ చేయొద్దు ఒక్క నిమిషం ఆగు అంది. ఆఫ్ చేసి మళ్ళీ తిప్పమంది. ఈ శబ్దం వినపడితే నాన్న బయల్దేరుతున్నారని మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని తమ్ముడూ అంది. లక్ష్మీపురం దాకా తిప్పి తీసుకొచ్చి దింపా.

ఖర్చు మొత్తం చెప్తా. మేస్త్రీ గారి కూలి ఆరు నెలల్లో విడతలుగా 62 వేలు, లేత్ పని, రేడియేటర్ కలిపి 31 వేలు, ఇంగ్లండ్ నుంచి తెప్పించిన పార్టులు, మీటరు బాగుచేత, కస్టమ్స్ అన్నీ కలిపి 2 లక్షల 10 వేలు. ఆ తర్వాత ఈ ఏడాదిలో రెండు సార్లు ట్యూనింగ్, ఒకసారి పాయింట్లు, కండెన్సర్, అంతే. అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర తగ్గించింది కార్పెట్ కోసం, ఫెండర్ గీతల కోసం.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి, పొద్దున పూట హడావుడిలో ఉంటారు, ఆదివారం ఉండరు. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ ప్రింట్ తీసి తీసుకెళ్ళండి, ఆయన ఇంగ్లీషు చదవరు గానీ బొమ్మలు చూసి కొలతలు పట్టేస్తారు. నేనిచ్చిన ఎంజీబీ కాపీ ఇప్పటికీ షెడ్డులో గోడకి మేకుకి వేలాడుతోంది, మసి వేలిముద్రలతో. 20 నంబరు ఆయిలు డబ్బా మాత్రం మీరే పట్టుకెళ్ళండి.